వదలని గుండె దడకు అబ్లేషన్: ఒప్పుకునే ముందు, చేయించుకునే రోజు, ఆ తర్వాత

ఈసీజీ చూసి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. మందులు మార్చి మార్చి వాడారు. షాక్ ఇచ్చి లయను సరిచేస్తే నెల తిరగకుండానే కథ మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడు డాక్టరు కాథెటర్ అబ్లేషన్ మాట ఎత్తారు. అంటే సన్నని గొట్టాన్ని గుండెలోకి పంపి, దడ పుట్టించే చోట్లను కాల్చి గాని, అతిగా చల్లబరిచి గాని పనిచేయకుండా చేయడం. మీరు గాని, మీ ఇంట్లో పెద్దవారు గాని ఈ స్థితిలో ఉంటే ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఇక్కడ వరుసగా చెబుతాను.

ఈ చికిత్స జరిగే గదిలో, అంటే కాథ్‌ల్యాబ్‌లో, గడిపే రెండు మూడు గంటల మీదే అందరి దృష్టీ ఉంటుంది. అక్కడ పని చేసేది డాక్టరు. మీరు చేయాల్సిన పని దానికి ముందు కొన్ని నెలలు, తర్వాత ఒక ఏడాది ఉంటుంది. ఈ జబ్బు తిరగబెట్టడంలో ఆ నెలలకు చాలా పాత్ర ఉంది.

ముందుగా మీది ఏ రకమో తేల్చుకోండి

గుండె పై గదులైన కర్ణికలు ఒక పద్ధతిలో ముడుచుకోవడం మానేసి, పుట్ట కదిలినట్టు నిమిషానికి 350 నుంచి 600 సార్లు అదరడమే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. వచ్చి ఏడు రోజుల్లోపు తగ్గిపోతే అది విడతలుగా వచ్చే రకం. ఏడు రోజులు దాటినా తగ్గకపోతే స్థిరపడిన రకం. పన్నెండు నెలలు దాటితే దీర్ఘకాలంగా స్థిరపడినది. ‘శాశ్వతం’ అనే మాట కూడా డాక్టర్ల నోట వినిపిస్తుంది. అది జబ్బు దశను చెప్పే మాట కాదు. లయను సరిచేసే ప్రయత్నం ఇక వద్దని డాక్టరు, రోగి కలిసి తీసుకున్న నిర్ణయానికి పెట్టిన పేరు.

ఎన్నాళ్లుగా ఉందన్నది ఇక్కడ చాలా ముఖ్యం. కాలం గడిచేకొద్దీ కర్ణిక సాగుతుంది, గోడలో మచ్చ కణజాలం పెరుగుతుంది, అబ్లేషన్ పట్టు తగ్గుతుంది. అందుకే పాత ఈసీజీలన్నీ బయటికి తీయండి. ఈసీజీ కాగితం వేడికి స్పందించే రకం కాబట్టి బీరువాలో పెట్టినా రెండు మూడేళ్లలో గీతలు వెలిసిపోతాయి. భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయిస్తే ఆ వేడికి కాగితం మొత్తం నల్లబడుతుంది. ఈరోజే ఫోనుతో ఫొటోలు తీసి, తేదీ వేసి దాచండి. ఎకో (గుండె స్కాన్) రిపోర్టులో ఎడమ కర్ణిక కొలత ఎక్కడుందో చూసి గుర్తు పెట్టుకోండి. అది అయిదు సెంటీమీటర్లు దాటిందంటే విజయావకాశం తగ్గుతుందని డాక్టరు చెప్పే అవకాశం ఉంది.

మన దేశంలో మరో విషయం తప్పక చూడాలి. చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ కవాటం ఇరుకైనవారికి కూడా ఇదే దడ వస్తుంది. వాళ్ల దారి వేరు. ముందు కవాటం సంగతి చూడాలి. రక్తం పలచబరిచే మందుగా కూడా వాళ్లకు వార్ఫరిన్ లేదా ఎసిట్రోమ్ వంటి పాత మందులే తగినవి. ఇలాంటి రోగుల మీద జరిగిన ఇన్విక్టస్ అధ్యయనంలో కొత్త తరం మందు రివరోక్సబాన్ కంటే పాత మందులే మేలని 2022లో తేలింది. ఎకోలో ‘మైట్రల్ స్టెనోసిస్’ అన్న మాట ఉంటే ఈ వ్యాసంలోని మిగతా సలహాలు మీకు వర్తిస్తాయో లేదో డాక్టరును అడిగాకే ముందుకు వెళ్లండి.

మీకు నిజంగా అవసరమా?

అబ్లేషన్ ముఖ్యంగా బాధ తగ్గించడానికి. దడ, ఆయాసం, మెట్లెక్కితే కాళ్లు లాగేయడం, ఏ పనీ చేయబుద్ధి కానంత నీరసం ఉంటే దానివల్ల తేడా తెలుస్తుంది. ఆయుష్షు పెరుగుతుందని అందరికీ హామీ ఇవ్వలేం. 2,204 మంది మీద జరిగిన కబానా అధ్యయనం ఫలితాలు 2019లో వచ్చాయి. మరణం, పక్షవాతం వంటి పెద్ద ప్రమాదాలన్నీ కలిపి లెక్కిస్తే మందులు వాడినవారికీ అబ్లేషన్‌కు కేటాయించినవారికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రోజువారీ జీవితం మాత్రం అబ్లేషన్ వర్గంలో మెరుగ్గా ఉంది.

గుండె పంపింగ్ తగ్గినవారి సంగతి వేరు. పంపింగ్ 35 శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవారిని తీసుకున్న కాసిల్-ఏఎఫ్ అధ్యయనం 2018లో వెలువడింది. చనిపోవడం లేదా గుండె వైఫల్యం ముదిరి ఆస్పత్రిలో చేరడం మందుల వర్గంలో 44.6 శాతం మందికి జరిగితే, అబ్లేషన్ వర్గంలో అది 28.5 శాతమే. మీ ఎకోలో పంపింగ్ తక్కువగా ఉంటే, అందులోనూ ఈ దడ మొదలయ్యాకే తగ్గితే, నిర్ణయాన్ని నెలల తరబడి వాయిదా వేయకండి.

‘నాకేం బాధ లేదు, వయసు వల్ల కాస్త నీరసం’ అనేవారు చాలామంది. వారికి ఒక పరీక్ష ఉంది. షాక్ ఇచ్చి లయను సరిచేయించుకుని, ఆ సరైన లయ నిలిచిన కొద్ది వారాల్లో ఎలా ఉందో గమనించడం. మార్కెట్‌కు నడిచి వెళ్లి వచ్చినప్పుడు, పై అంతస్తుకు ఎక్కినప్పుడు తేడా కనిపిస్తే ఆ నీరసం వయసుది కాదని తేలిపోతుంది. ఏ తేడా లేకపోతే అబ్లేషన్ కోసం తొందరపడాల్సిన పని లేదు. నా దృష్టిలో లక్షలు ఖర్చుపెట్టే ముందు ఇది చేయించుకోవడం తెలివైన పని.

రక్తం పలచబరిచే మందును గాడిలో పెట్టండి

ఈ జబ్బులో మనిషిని మంచాన పడేసేది దడ కాదు, పక్షవాతం. సరిగా ముడుచుకోని ఎడమ కర్ణికలో, ముఖ్యంగా దానికున్న చిన్న సంచిలాంటి భాగంలో, రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ జారి మెదడుకు చేరితే పక్షవాతం. అందుకే అబ్లేషన్‌కు ముందు కనీసం మూడు వారాలు మందు ఒక్క పూట కూడా తప్పకూడదు.

అపిక్సబాన్, డబిగాట్రాన్ రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. రాత్రి మాత్ర మరిచిపోతే తెల్లవారేసరికి రక్షణ సన్నగిల్లుతుంది. రివరోక్సబాన్ సాధారణంగా రోజుకు ఒకసారి, అదీ కడుపునిండా తిన్న తర్వాత. ఖాళీ కడుపున వేసుకుంటే సరిగా ఒంటబట్టదు. ఏకాదశి ఉపవాసమని, రంజాన్ అని భోజన వేళలు మారేవారు ఈ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. డబిగాట్రాన్ క్యాప్సూల్‌ను విప్పి పొడి నీళ్లలో కలుపుకోకూడదు. ఎసిట్రోమ్ వాడేవారు రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష అంకె ఐఎన్ఆర్‌ను 2 నుంచి 3 మధ్య నిలబెట్టుకోవాలి. ఆకుకూరలు మానక్కర్లేదు, ఒక వారం రోజూ తిని మరో వారం అసలు ముట్టకపోవడమే ఇబ్బంది.

మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఈ మందులతో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. నొప్పికి పారాసిటమాల్ చాలు. ‘రక్తం పలచబడటానికి ఆస్పిరిన్ వేసుకుంటున్నానుగా’ అనుకునేవారూ ఉన్నారు. ఈ జబ్బులో పక్షవాతాన్ని ఆపడానికి ఆస్పిరిన్ సరిపోదు.

తేదీ తీసుకునే ముందు ఒంటిని సిద్ధం చేసుకోండి

ఈ దశను చాలామంది దాటవేస్తారు. ఆస్పత్రులూ పెద్దగా ఒత్తి చెప్పవు. కానీ ఆస్ట్రేలియాలోని అడిలైడ్ వైద్యులు 2015లో ప్రచురించిన లెగసీ అధ్యయనం చూడండి. అధిక బరువున్న రోగుల్లో ఒంటి బరువు పదో వంతు, అంతకు మించి తగ్గించి నిలబెట్టుకున్నవారిలో 45 శాతానికి పైగా ఏ మందూ, ఏ అబ్లేషనూ లేకుండానే దడ నుంచి బయటపడ్డారు. బరువు తగ్గనివారిలో, పెరిగినవారిలో అలా బయటపడినవారు 13 శాతమే. ఎనభై అయిదు కిలోలున్న మనిషికి పదో వంతంటే ఎనిమిదిన్నర కిలోలు. రాత్రి అన్నం సగానికి తగ్గించి, రోజూ అరగంట నడిస్తే ఆర్నెల్లలో అసాధ్యమేమీ కాదు.

గురక పెట్టేవారు, పగలు కూర్చున్నచోటే కునుకు తీసేవారు నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉందేమో పరీక్ష చేయించుకోవాలి. గురక సంగతి మీకు తెలియదు, పక్కన పడుకునేవారిని అడగండి. బీపీ అదుపులో ఉండాలి. టీఎస్‌హెచ్ పరీక్ష తప్పనిసరి, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడమే దడకు మూలమైతే ముందు దానికి వైద్యం జరగాలి. లయను నిలబెట్టే మందు ఎమియోడరోన్ వాడుతున్నవారికి ఆ మందే థైరాయిడ్‌ను దెబ్బతీయవచ్చు కాబట్టి ఈ పరీక్ష మళ్లీ మళ్లీ అవసరం.

మద్యం గురించి నెమ్మదిగా చెప్పి లాభం లేదు: మానేయండి. 2020లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనంలో క్రమంగా తాగే 140 మందిని తీసుకుని సగం మందిచేత మాన్పించారు. మానినవారిలో 53 శాతం మందికి, మానని వర్గంలో 73 శాతం మందికి దడ తిరగబెట్టింది.

డాక్టరును, ఆస్పత్రిని ఎంచుకోవడం

మీ ఊళ్లో స్టెంట్లు వేసే గుండె డాక్టరు ఎంత పేరున్నవారైనా ఈ పని ఆయనది కాకపోవచ్చు. గుండె విద్యుత్ వ్యవస్థలో ప్రత్యేక శిక్షణ పొందిన ఎలక్ట్రోఫిజియాలజిస్టు దగ్గరకు వెళ్లాలి. అలాంటివారు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉంటారు. వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద ప్రశ్నలు రాసుకెళ్లండి. లోపలికి వెళ్లాక సగం మరిచిపోతాం, బయటికి వచ్చాక గుర్తొస్తాయి.

మొదట అడగాల్సింది: స్థిరపడిన రకానికి మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? గుండె చుట్టూ రక్తం చేరే ప్రమాదం మీ దగ్గర ఎంతమందికి ఎదురైంది, అలా జరిగితే ఆపరేషన్ చేసే సర్జన్ అదే భవనంలో ఉంటారా? ఒకసారితో సరిపోతుందా, రెండోసారి అవసరమయ్యే అవకాశం నా విషయంలో ఎంత? చిరాకుపడకుండా జవాబు చెప్పే డాక్టరు దొరికితే సగం భారం తీరినట్టే.

ఏ పద్ధతి అన్న ప్రశ్న కూడా వస్తుంది. రేడియోఫ్రీక్వెన్సీలో కాథెటర్ కొనతో చుక్క చుక్కగా వేడి పెడతారు. క్రయోబెలూన్‌లో బెలూన్ ఆనించి ఆ చోటును అతి చల్లదనంతో పనిచేయకుండా చేస్తారు. కొత్తగా వచ్చిన పల్స్‌డ్ ఫీల్డ్ పద్ధతిలో అతి తక్కువ వ్యవధి విద్యుత్ తరంగాలతో గుండె కండర కణాలను చంపుతారు. చుట్టుపక్కల అన్నవాహిక, నరాలకు హాని తక్కువ కావడం, పని త్వరగా ముగియడం ఇందులో మేలు. కానీ కొత్తది కాబట్టి ఎక్కువగా నయం చేస్తుందని అనుకోవద్దు. దీన్ని వేడి, చల్లదనం పద్ధతులతో పోల్చి 2023లో వచ్చిన అడ్వెంట్ అధ్యయనంలో రెండు వర్గాల ఫలితాలూ దాదాపు సమానంగా ఉన్నాయి. అదీ విడతలుగా వచ్చే రకం రోగుల్లో. పరికరం కన్నా దాన్ని పట్టుకున్న చేతి అనుభవం చూడండి.

‘ఊపిరితిత్తుల సిరల చుట్టూ మాత్రమే కాదు, ఇంకా చాలాచోట్ల కాలుస్తాం, అప్పుడే పూర్తిగా పోతుంది’ అని ఎవరైనా అంటే కారణం అడగండి. ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో హైసగేర్ బృందం 1998లో ఈ దడను రేపే అదనపు స్పందనల్లో 94 శాతం ఊపిరితిత్తుల నుంచి వచ్చే సిరల లోపలే పుడుతున్నాయని చూపింది. అప్పటి నుంచి ఆ సిరలను విద్యుత్ పరంగా వేరుచేయడమే ఈ చికిత్సకు పునాది. స్థిరపడిన రకంలో అదనంగా కాలిస్తే మేలేమోనని 589 మంది మీద స్టార్ ఏఎఫ్-2 అధ్యయనం జరిపారు. 2015లో ఫలితం వచ్చింది. సిరలను మాత్రమే వేరుచేసినవారిలో 59 శాతం, అదనంగా కాల్చిన రెండు వర్గాల్లో 49, 46 శాతం మంది ఏడాదిన్నర తర్వాత దడ లేకుండా ఉన్నారు. మొదటిసారికి తక్కువ కాల్పే మంచిదన్న వాదనకు ఇది గట్టి ఆధారం. కొందరికి అదనపు పని అవసరమే, కానీ దానికి మీ గుండెకు సంబంధించిన ప్రత్యేక కారణం ఉండాలి.

ఖర్చు విషయంలో మొత్తం అంకె ఒక్కటే తీసుకోవద్దు. అంచనా కాగితంలో గది, మత్తు, మ్యాపింగ్ పరికరాలు, కాథెటర్లు విడివిడిగా రాయించుకోండి. కాథెటర్ కొత్తదా, శుభ్రపరిచి మళ్లీ వాడేదా అని అడగడంలో తప్పేమీ లేదు. బీమా ఉంటే ముందస్తు అనుమతి లిఖితంగా వచ్చాకే తేదీ ఖాయం చేసుకోండి. ఏ పరికరాలకు డబ్బు ఇవ్వరో బీమా డెస్కు దగ్గరే అడగండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉన్నవారు ఈ చికిత్స ప్యాకేజీలో ఉందో లేదో ఆస్పత్రి సహాయ కౌంటర్‌లో కనుక్కోవాలి.

ఆ రోజు

ముందురోజు గాని, ఆ ఉదయం గాని రక్తం పలచబరిచే మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. ఇప్పుడు ఎక్కువమంది ఆపకుండానే చేస్తున్నారు, కొందరు ఉదయం పూట మాత్ర ఒక్కటి వద్దంటారు. పక్కింటివారు చెప్పారని సొంతంగా ఆపకండి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ సంగతి కూడా అడగాలి. ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు.

గొంతులోంచి గొట్టం పంపే ఎకో గాని, సీటీ గాని తీసి కర్ణికలో గడ్డ లేదని చూసుకుంటారు. గడ్డ కనిపిస్తే ఆ రోజుకు ఇంటికి పంపేస్తారు. నిరాశపడకండి, అదే సరైన నిర్ణయం. మత్తు ఇచ్చాక గజ్జలోని సిర గుండా సన్నని గొట్టాలు పంపి, కుడి, ఎడమ కర్ణికల మధ్య పొరకు సూదితో చిన్న రంధ్రం చేసి ఎడమవైపు చేరతారు. కంప్యూటర్ తెరపై కర్ణిక త్రీడీ పటం గీసుకుని సిరల చుట్టూ పని చేస్తారు. చివర్లో దడ ఇంకా ఉంటే షాక్ ఇచ్చి లయను సరిచేస్తారు.

తర్వాత నాలుగు నుంచి ఆరు గంటలు కాలు మడవకుండా వెల్లకిలా పడుకోవాలి. అబ్లేషన్ అంటే భయపడినవారు కూడా ఎక్కువగా గుర్తుంచుకునేది ఈ నడుం నొప్పినే. మంచం మీదే మూత్రం పోయడం ముందురోజు ఒకసారి అలవాటు చేసుకుంటే ఆ రాత్రి తేలికవుతుంది. నవ్వులాటకు చెప్పడం లేదు.

మొదటి వారం

దూరం నుంచి వచ్చినవారు డిశ్చార్జ్ అయిన రోజే రాత్రి బస్సెక్కకండి. ఒకటి రెండు రోజులు ఆస్పత్రికి దగ్గర్లో ఉండండి. గజ్జ దగ్గర ఊదారంగు కమిలిన మచ్చ తొడ దాకా పాకడం మామూలే. ఉబ్బు గట్టిపడి పెరుగుతుంటే, రక్తం కారుతుంటే పడుకోబెట్టి వేళ్లతో పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టి ఆస్పత్రికి ఫోను చేయాలి.

వారం పాటు నేల మీద బాసింపట్టు వేసి కూర్చోవద్దు. గొంతుకూర్చోవాల్సిన మరుగుదొడ్డి కాకుండా కుర్చీలాంటిది వాడండి. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్, మనవడు ఏదీ ఎత్తకండి. బండి కిక్ కొట్టడం అసలే వద్దు. లోతుగా ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ పట్టేసినట్టు రెండు మూడు రోజులు ఉండవచ్చు. విడవకుండా పెరిగే నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, ఆయాసం వస్తే మాత్రం వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

రెండు నెలలు కళ్లు తెరుచుకుని ఉండాల్సిన సంగతి

ఈ భాగాన్ని ఇంట్లో అందరిచేతా చదివించండి. వేడితోగాని చల్లదనంతోగాని చేసిన అబ్లేషన్‌లో కర్ణిక వెనకే ఆనుకుని ఉన్న అన్నవాహిక దెబ్బతిని, చాలా అరుదుగా రెండింటి మధ్య రంధ్రం పడుతుంది. వెయ్యి మందిలో ఒకరికన్నా తక్కువే, కానీ ప్రాణాంతకం. అది ఇంటికి వచ్చి అందరూ ఊపిరి పీల్చుకున్నాక, సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాల్లో, కొందరికి రెండు నెలల దాకా బయటపడుతుంది. జ్వరం, మింగితే నొప్పి, ఛాతీలో నొప్పి, రక్తం కక్కడం, మూతి వంకరపోవడం, మాట తడబడటం దాని గుర్తులు.

మన దగ్గర జ్వరమనగానే డెంగీ, టైఫాయిడ్ పరీక్షలు రాస్తారు. మింగలేకపోతున్నానంటే ఎండోస్కోపీకి పంపుతారు. ఈ స్థితిలో ఎండోస్కోపీ చేస్తే అందులో పంపే గాలి రక్తంలోకి, మెదడులోకి వెళ్లవచ్చు. కాబట్టి డిశ్చార్జ్ కాగితం ముందు పెట్టి, ‘ఫలానా తేదీన గుండెకు అబ్లేషన్ జరిగింది. ఎండోస్కోపీ వద్దు. ముందు ఛాతీ సీటీ తీయండి. మా డాక్టరుతో మాట్లాడండి’ అని చెప్పాలి. ఈ నాలుగు వాక్యాలూ డాక్టరు ఫోను నంబరుతో సహా రాసి రోగి పర్సులో పెట్టండి. అసిడిటీ మాత్రలు కొన్ని వారాలు రాసేది కూడా అన్నవాహికకు రక్షణగానే, గ్యాస్ లేదుగా అని మానేయకండి.

ఇక దడ సంగతి. మొదటి రెండు మూడు నెలలు కాలిన చోట వాపు ఉంటుంది కాబట్టి దడ మళ్లీ రావచ్చు. వచ్చినంత మాత్రాన చికిత్స విఫలమైనట్టు కాదు. అలాగని ఇంట్లో కూర్చోకుండా ఈసీజీ తీయించి డాక్టరుకు పంపండి, అవసరమైతే షాక్ ఇస్తారు. విశ్రాంతిలో నాడి ఇదివరకటి కన్నా పది పదిహేను ఎక్కువ కొట్టడం కూడా కొన్ని నెలలు ఉండవచ్చు, లయ సమంగా ఉంటే దానికి కంగారు వద్దు.

నాడి చూసుకోవడం నేర్చుకోండి. బొటనవేలి కింద మణికట్టు పక్కన రెండు వేళ్లు ఆనించి పూర్తి నిమిషం లెక్కపెట్టండి. ఎన్ని అన్నదానికన్నా సమంగా ఉన్నాయా, ఎగుడుదిగుడుగా ఉన్నాయా అన్నది గమనించండి. దడ ఉన్నప్పుడు డిజిటల్ బీపీ యంత్రం ఒక్కో సారి ఒక్కో అంకె చూపుతుంది, మూడుసార్లు చూసి సగటు రాసుకోండి.

ఏడాది దాకా

మూడు, ఆరు, పన్నెండు నెలలకు ఈసీజీ, హోల్టర్ (ఒంటికి తగిలించి గంటల తరబడి తీసే ఈసీజీ) చేయించుకోవాలి. స్థిరపడిన రకంలో ఒక్క అబ్లేషన్‌తో ఏడాది తర్వాత దడ లేకుండా ఉండేవారు సుమారు సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా. అధ్యయనాల్లో ముప్పై సెకన్ల దడ కనిపించినా తిరగబెట్టినట్టే రాస్తారు. రోజంతా దడతో ఉన్న మనిషికి ఏడాదిలో రెండు గంటలు మాత్రమే వస్తే లెక్కలో అది విఫలం, ఆ మనిషికి మాత్రం పెద్ద మేలు. అందుకే డాక్టరు దగ్గర ‘వచ్చిందా, లేదా’ అని కాకుండా ‘ముందు ఎంత ఉండేది, ఇప్పుడెంత’ అని మాట్లాడండి.

రక్తం పలచబరిచే మందు కనీసం రెండు నెలలు అందరికీ తప్పదు. ఆ తర్వాత కొనసాగించాలా లేదా అన్నది నాడి బాగుందా అన్నదాన్ని బట్టి తేలదు. పక్షవాతం ముప్పును అంచనా వేసే చాడ్స్-వాస్క్ స్కోరును బట్టి తేలుతుంది. గుండె వైఫల్యం, బీపీ, షుగర్, రక్తనాళాల జబ్బు ఒక్కోదానికి ఒక పాయింటు. అరవై అయిదేళ్లు దాటితే ఒకటి, డెబ్బై అయిదు దాటితే రెండు, లోగడ పక్షవాతం వచ్చి ఉంటే రెండు. స్త్రీలకు ఇచ్చే అదనపు పాయింటును 2024 యూరప్ మార్గదర్శకాలు తీసేశాయి. డెబ్బై ఏళ్ల వయసు, బీపీ ఉన్నవారికి అప్పటికే రెండు పాయింట్లు. అలాంటివారు అబ్లేషన్ ఎంత చక్కగా ఫలించినా మందు కొనసాగించాల్సిందే. ‘ఈసీజీ నార్మల్, ఇంకెందుకు’ అని మాత్ర ఆపడమే ఈ మొత్తం ప్రయాణంలో అత్యంత ప్రమాదకరమైన పని.

తిరగబెడితే రెండోసారి అబ్లేషన్ చేయించుకోవచ్చు. చాలాసార్లు సిరల చుట్టూ కాల్చిన గీతలో ఒకచోట సందు మిగిలి విద్యుత్తు దాటుతూ ఉంటుంది, దాన్ని మూసేస్తారు. రెండోసారికి ముందు బరువు, బీపీ, గురక, మద్యం జాబితాను మళ్లీ మొదటినుంచి చూడండి. ఎడమ కర్ణిక బాగా సాగిపోయి, రెండోసారి తర్వాతా దడ నిలిచిపోతే, నాడి వేగాన్ని మెటోప్రొలాల్ వంటి మందులతో అదుపులో పెట్టుకుని, పలచబరిచే మందు తప్పక వాడుతూ ఉండటమూ వైద్యమే. ఆ నిర్ణయం కోసం వెళ్లేటప్పుడు ఏడాది హోల్టర్ రిపోర్టులు, మీరు రాసుకున్న నాడి పుస్తకం, మొదటి అబ్లేషన్ జరిగినప్పుడు ఆస్పత్రి ఇచ్చిన ప్రొసీజర్ నోట్ తీసుకెళ్లండి. ఎక్కడెక్కడ కాల్చారో అందులోనే ఉంటుంది. డిశ్చార్జ్ కాగితంతో పాటు ఇవ్వకపోతే రికార్డుల విభాగంలో అడిగి ఇప్పుడే తెచ్చుకోండి.